మైకు మంచిదే, డ్రైవే ఎక్కువ: హామ్ రేడియోపై పాఠకుల ప్రశ్నలు

ఫ్రీడీవీ గురించి ఈ శీర్షికలో రాసినప్పటి నుంచి ఉత్తరాలన్నీ దాని మీదే. కొత్తగా చదువుతున్నవారికి రెండు ముక్కలు: షార్ట్‌వేవ్ మీద మాటను డిజిటల్‌గా పంపే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఆస్ట్రేలియాలోని ఎడిలైడ్‌లో ఉండే డేవిడ్ రో (కాల్‌సైన్, అంటే గాల్లో పేరు, వీకే5డీజీఆర్) తయారుచేసిన కోడెక్2, అంటే మాటను కొద్ది బిట్లలోకి కుదించి మళ్లీ విప్పే ప్రోగ్రామ్, దానికి ప్రాణం. 2012 నుంచి హామ్‌లు (లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో నడిపేవాళ్లు) వాడుతున్నారు. సోర్స్ కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు.

జవాబుల్లోకి వెళ్లేముందు ఒక మనవి. "సౌండ్ బాగా రావట్లేదు మేడమ్" అని రాస్తే నేను చేయగలిగేది ఏమీ లేదు. ఏ మోడ్ (700డీ, 700ఈ లాంటి పంపే పద్ధతి), ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అని రాయండి. ముఖ్యంగా, రేడియో నుంచి కంప్యూటర్‌లోకి వస్తున్న ఆడియోను అర నిమిషం రికార్డు చేసి పంపండి. డీకోడ్ అయ్యాక స్పీకర్లో వినపడేది కాదు, అవ్వకముందు వచ్చే గరగర. ఆ సదుపాయం ఫ్రీడీవీలోనే ఉంది. ఆ ఫైలును మళ్లీ రేడియో నుంచి వచ్చినట్టే ప్రోగ్రామ్‌కి తినిపించవచ్చు. గాల్లో వచ్చిన సిగ్నల్ ఒక్కసారే వస్తుంది. ఫైలు ఉంటే అదే తప్పు నా బల్ల మీద ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు జరుగుతుంది. అప్పుడే పట్టుకోగలం.

గుంటూరు నుంచి విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: కొత్త మైకు కొన్నాను. యాంటెన్నా ఎస్‌డబ్ల్యూఆర్ (రేడియోకి యాంటెన్నా ఎంత కుదిరిందో చెప్పే అంకె) 1.3 చూపిస్తోంది. 100 వాట్ల రిగ్గును (రేడియో సెట్టును) పూర్తిగా తొక్కి 700డీలో పంపుతున్నాను. అవతలివాళ్లేమో "సింక్ వస్తోంది (సిగ్నల్ దొరుకుతోంది), మాట మాత్రం ముక్కలు ముక్కలు" అంటున్నారు. మామూలు ఎస్‌ఎస్‌బీలో (డిజిటల్ కాని మాటలో) అదే స్టేషన్లు ఫైవ్ నైన్ (పూర్తి మార్కులు) ఇస్తాయి. సాఫ్ట్‌వేర్ లోపమేనా?

"పూర్తిగా తొక్కి" అన్నారు చూడండి, జబ్బు అక్కడే ఉంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి ఇదే జవాబు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

700డీ మోడ్‌లో మీ రిగ్గు నుంచి ఒకేసారి 17 సన్నటి క్యారియర్లు (సమాచారాన్ని మోసే తరంగాలు) వెళ్తాయి. వెయ్యి హెర్ట్జ్ వెడల్పులో పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోదాని ఫేజ్‌లో రెండేసి బిట్లు దాగి ఉంటాయి. ఈ పదిహేడూ ఒక్కో క్షణంలో ఒకే వైపు లేస్తాయి. అప్పుడు శిఖరం చాలా ఎత్తు. మరో క్షణంలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే సగటు పవర్ తక్కువ, శిఖరాలు ఎక్కువ. మీ రిగ్గులోని ఏఎల్‌సీ (పవర్ హద్దు దాటకుండా చూసే సర్క్యూట్) ఆ శిఖరాలను చూసి గెయిన్ వెనక్కి లాగుతుంది, మళ్లీ వదులుతుంది. ఆ లాగుడుకి, ఫైనల్ ఆంప్లిఫయర్ చదునైపోవడానికి క్యారియర్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మాట్లాడే గొంతుకు ఇదే జరిగితే చెవి సర్దుకుపోతుంది, పైగా "పంచ్ బాగుంది" అని మెచ్చుకుంటుంది. మోడెమ్‌కి (క్యారియర్లలోంచి బిట్లు తీసే భాగానికి) అలాంటి పెద్దమనసు లేదు.

ఇలా చేయండి. యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (సిగ్నల్‌ను గాల్లోకి పంపకుండా వేడిగా మార్చేసేది) పెట్టండి. రిగ్గులో స్పీచ్ ప్రాసెసర్ ఆపేయండి. డేటా మోడ్ ఉంటే అది ఎంచుకోండి. కంప్యూటర్ నుంచి వెళ్లే ఆడియోను బాగా తగ్గించి, పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే స్విచ్) నొక్కి, నెమ్మదిగా పెంచుకుంటూ రండి. ఏఎల్‌సీ ముల్లు కదలబోయే చోట ఆగి, అక్కడి నుంచి కాస్త వెనక్కి రండి. పవర్ మీటరు 20, 30 వాట్లే చూపిస్తుంది. కంగారు పడొద్దు. అది సగటు, శిఖరాలు రిగ్గు హద్దు దగ్గరే ఉన్నాయి. సిగ్నల్ కంటే నాయిస్ 2 డెసిబెల్స్ ఎక్కువున్నా 700డీ నిలబడుతుంది. ఎస్‌ఎస్‌బీ అక్కడ ఎప్పుడో చేతులెత్తేస్తుంది. సగటు ఇంకా పెంచాలంటే ఫ్రీడీవీలోనే క్లిప్పింగ్ ఆప్షన్ ఉంది. అది శిఖరాలను లెక్క ప్రకారం కోసి, పక్కకు చిందిన చెత్తను వడకడుతుంది. ఆ పని సాఫ్ట్‌వేర్‌కి వదిలేయండి, రిగ్గుకు వదలకండి.

వినేటప్పుడూ ఒక జాగ్రత్త ఉంది. రిగ్గులో నాయిస్ బ్లాంకర్, నాయిస్ రిడక్షన్, ఆటో నాచ్ మూడూ ఆపేయండి. ఆటో నాచ్ పనేమిటి? నిలకడగా ఈలలా వినిపించేదాన్ని వెతికి తీసేయడం. ఇక్కడ క్యారియర్లే దానికి ఈలల్లా కనిపిస్తాయి. పాపం, దాని ధర్మం అది నిర్వర్తిస్తుంది.

తేడా తెరమీదే చూడొచ్చు. స్కాటర్ ప్లాట్ తెరిస్తే నాలుగు మూలల్లో నాలుగు చుక్కల గుంపులు కనిపిస్తాయి. గుంపులు చిక్కగా ఉంటే అంతా సవ్యం. నాలుగు మూలల నుంచి మధ్యలోకి సాగి గుణకారం గుర్తులా కనిపిస్తే అది ఫేడింగ్: ఫేజ్ నిలబడింది, బలం మాత్రం హెచ్చుతగ్గులు అవుతోంది. దాంట్లో మీ తప్పేమీ లేదు. సిగ్నల్ బలంగా ఉండి, ఫేడింగ్ లేకపోయినా గుంపులు నాలుగూ పిండిలా పరుచుకుంటే మాత్రం పంపేవాళ్ల డ్రైవ్‌ను అనుమానించాలి. ఆప్షన్లలో టెస్ట్ ఫ్రేమ్స్ అని ఉంటుంది. ఇద్దరూ అది ఆన్ చేసుకుంటే ఎన్ని బిట్లు తప్పాయో అంకె కనిపిస్తుంది. డ్రైవ్ తగ్గిస్తూ పోతే ఆ అంకె కూడా తగ్గితే మన కేసు తేలినట్టే. మైకు మంచిదే, వాపసు ఇవ్వకండి.

హైదరాబాద్ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: ఆదివారం నెట్‌లో (హామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీలో చేరే సమావేశంలో) గంటకు పైగా వింటాను. ప్రోగ్రామ్ స్టార్ట్ చేశాక అరగంట దాకా అద్భుతంగా ఉంటుంది. తర్వాత కొన్ని నిమిషాలకోసారి మాట మింగేస్తుంది. స్టాప్ కొట్టి స్టార్ట్ చేస్తే మళ్లీ అరగంట హాయి. సీపీయూ పది శాతం కూడా వాడట్లేదు.

మీ ఉత్తరం చదివి ముచ్చటేసింది, ఎందుకంటే రోగి తనే సగం నిర్ధారణ చేసుకొచ్చాడు. ఫేడింగ్‌కి టైమ్‌టేబుల్ ఉండదు. స్టార్ట్ చేసిన ప్రతిసారీ అరగంటకే వస్తోందంటే అది ఆకాశంలోది కాదు, మీ బల్ల మీదిది.

రేడియో ఆడియో రిగ్గులోని యూఎస్‌బీ సౌండ్‌కార్డు నుంచి వస్తోంది, మీరు వినేది హెడ్‌సెట్‌లోని సౌండ్‌కార్డుతో. రెండూ "సెకనుకు 48,000 శాంపిల్స్" అనే చెప్తాయి. కానీ రెండింటిలో వేర్వేరు క్రిస్టల్స్. వాటి మధ్య పది లక్షలకు 50 వంతుల తేడా ఉందనుకోండి, చవక క్రిస్టల్స్‌లో ఇది మామూలే. అంటే సెకనుకు 2.4 శాంపిల్స్ తేడా. మధ్యలో ఉన్న బఫర్లో (శాంపిల్స్‌ను కాసేపు నిలవుంచే తొట్టిలో) పదో వంతు సెకను నిల్వ, అంటే 4,800 శాంపిల్స్ ఉన్నాయనుకుందాం. 4,800ని 2.4తో భాగించండి: 2,000 సెకన్లు. ముప్పై మూడు నిమిషాలు చిల్లర! హెడ్‌సెట్ తాగే వేగం రేడియో పోసే వేగం కంటే ఆ కాస్త ఎక్కువైతే అప్పటికి తొట్టి ఖాళీ. ఆ తర్వాత ఒక ఫ్రేమ్‌కి సరిపడా డేటా లేనప్పుడల్లా ఒక ముక్క నిశ్శబ్దం దూరుతుంది. వేగం తేడా అటుదిటైతే తొట్టి పొంగి ఒక ముక్క కింద పోతుంది. చెవికి రెండూ మింగినట్టే ఉంటాయి.

నిజమో కాదో తేల్చుకోవడం సులువు. ఆప్షన్లలో ఫిఫో (ఆ బఫరే) సైజు మిల్లీసెకన్లలో ఉంటుంది. దాన్ని రెట్టింపు చేయండి. అరగంట కాస్తా గంటకు దగ్గరైతే నేను చెప్పిందే. అక్కడే బఫర్ ఎన్నిసార్లు ఖాళీ అయింది, ఎన్నిసార్లు నిండింది అని లెక్కపెట్టే డీబగ్ అంకెలు కూడా ఉంటాయి. మాట మింగిన క్షణంలో ఏ అంకె పెరిగిందో చూస్తే తొట్టి ఖాళీయా, పొంగా అన్నది కూడా తెలిసిపోతుంది.

వాడకందారుగా మీకు మందు: రెండు పనులకూ ఒకే సౌండ్‌కార్డు వాడండి, లేదా ఫిఫో పెంచుకుని ఒకరి మాట ముగిసి మరొకరిది మొదలయ్యేలోపు ఒకసారి స్టాప్, స్టార్ట్ కొట్టండి. ప్రోగ్రామర్‌గా మీకు పని: బఫర్ నిండుదనాన్ని గమనిస్తూ రీశాంప్లింగ్ నిష్పత్తిని అతి స్వల్పంగా సర్దే కోడ్ రాయడం. తొందరపడి సర్దితే గొంతు ఊగుతుంది, బద్ధకించి సర్దితే తొట్టి ఎండుతుంది. ఆఫీసులో స్ప్రింట్ మీటింగులకంటే ఇది మంచి కాలక్షేపమని నా అభిప్రాయం.

విశాఖపట్నం నుంచి ఉపాధ్యాయిని: ఫ్రీడీవీలో తెలుగులో మాట్లాడితే ఇంగ్లిష్ అంత స్పష్టంగా రావట్లేదనిపిస్తోంది. ఇది ఇంగ్లిష్‌కి తయారుచేసిన సాఫ్ట్‌వేరా? మా పాప మాట్లాడితే మరీ కప్పలా వినిపిస్తోంది.

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నానండీ. నా ఉద్యోగం కూడా మాటల కోడింగే కాబట్టి దీని మీద పేజీలు రాయగలను, సంపాదకులు ఒప్పుకోరు.

ముందు కోడెక్ ఏం చేస్తుందో చూద్దాం. ల్యాండ్‌లైన్ ఫోన్ల డిజిటల్ మాటకు సెకనుకు 64,000 బిట్లు కావాలి. 700డీలో మాటకు దొరికేవి 700. అంటే ప్రతి 40 మిల్లీసెకన్లకు 28 బిట్లు. వాటిలో 6 బిట్లు స్వరం ఎంత ఎత్తులో ఉంది, నాదం ఉందా లేక ఉత్త ఊపిరేనా అని చెప్తాయి. 4 బిట్లు గట్టిగానా మెల్లగానా అన్నదానికి. మిగిలిన 18 బిట్లలో నోరు, నాలుక, పెదాలు కలిసి ఆ క్షణంలో ధ్వనికి ఇచ్చిన ఆకారమంతా ఇరకాలి. అవతల ఈ 28 బిట్లను చూసి గొంతును మళ్లీ కొత్తగా తయారుచేస్తారు. మీ గొంతు వెళ్లదు, మీ గొంతు వర్ణన వెళ్తుంది.

ఈ పద్ధతికి భాషతో పేచీ లేదు. డేవిడ్ రో 1990లలో పీహెచ్‌డీ చేసింది ఈ హార్మోనిక్ కోడింగ్ మీదే. కంఠం కంపిస్తే మూల స్వరం, దాని గుణిజాలు పుడతాయన్నది ఏ భాషకైనా ఒకటే. చిక్కు ఎక్కడంటే, మన కొన్ని అక్షరాల ఆనవాళ్లు సరిగ్గా ఈ కోడెక్ పొదుపు చేసిన చోటే ఉన్నాయి.

శ, ష, స తీసుకోండి. సకారంలోని బుసలో ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. ఇక్కడ శాంప్లింగ్ సెకనుకు 8,000, దాంట్లో సగం దాకానే ధ్వని పడుతుంది కాబట్టి 4,000 పైన ఏదీ ఉండదు. "శశి", "సస్య" ఒకే మూసలోంచి వచ్చినట్టుంటాయి. (ష సంగతి వదిలేయండి, ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడే పలికేవాళ్లు తగ్గిపోయారు.) ల, ళ, న, ణ తేడా మరో రకం. నాలుక మడిచినప్పుడు మూడో ఫార్మంట్ (నోటి ఆకారంతో బలపడే ధ్వని శిఖరాల్లో మూడోది) కిందికి జారుతుంది. అది బ్యాండ్ లోపలే ఉన్నా, ఆ 18 బిట్లు గీసే మొద్దు బొమ్మలో అంత చిన్న జారుడు చాలాసార్లు చెరిగిపోతుంది. "కల వచ్చింది", "కళ వచ్చింది" రెండూ పంపి చూడండి, అవతలివాళ్లు సందర్భం బట్టి ఊహించుకోవాల్సిందే. ఇక "మరి", "అరటి"లోని రకారం: నాలుక ఒక్కసారి తాకి వచ్చేస్తుంది, 20, 30 మిల్లీసెకన్ల వ్యవహారం. ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు. రెండు ఫ్రేముల మధ్యలో పడితే రేఫ మాయం. అందుకని ఆకాశవాణి వార్తలు చదివే నడకలో మాట్లాడండి. మన కోస్తా వేగం దీనికి పనికిరాదు.

పాప సంగతి. కోడెక్2 మూల స్వరాన్ని 50 నుంచి 400 హెర్ట్జ్ మధ్యే వెతుకుతుంది. మగవాళ్లకు, మనకు అది ధారాళంగా సరిపోతుంది. పిల్లలు ఉత్సాహంలో అరిస్తే 400 దాటేస్తారు. అప్పుడు ప్రోగ్రామ్ సగం ఎత్తును పట్టుకుని అదే స్వరమనుకుంటుంది. అదే మీరు విన్న కప్ప. ఇంకో మాట: ఒక క్షణానికి ఒకే గొంతు ఉంటుందని కోడెక్ నమ్మకం. వెనక టీవీలో సీరియల్ అత్తగారు కూడా మాట్లాడుతుంటే ఇద్దరి స్వరాల మధ్య తికమక పడుతుంది. ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, మైకును నోటికి దగ్గరగా పెట్టి ఒకసారి పంపండి. 700 రకం మోడ్‌లకు మైకు స్వభావాన్ని సర్దే ఈక్వలైజర్ కూడా ఉంది. బొయ్‌మనే మైకుకు అది బాగా మేలు చేస్తుంది.

2024లో రేడ్ అనే కొత్త మోడ్ వచ్చింది. దాంట్లో న్యూరల్ నెట్‌వర్క్ మాటను బిట్లుగా కూడా మార్చకుండా నేరుగా సిగ్నల్ విలువలుగా మారుస్తుంది. 1,500 హెర్ట్జ్ వెడల్పులోనే పంపినా అవతల 8,000 హెర్ట్జ్ దాకా ఉన్న గొంతు వినిపిస్తుంది. సకారం సకారంలాగే వస్తుంది. తెలుగు దాంట్లో ఎలా ఉందో చెప్పాలంటే మంచి నమూనాలు కావాలి. మీరు బడిలో పిల్లల చేత కల-కళ, వాన-వాణి, శశి-సస్య లాంటి జంటలు చదివించి రికార్డు చేసి పంపగలరా? పాపతో కూడా.

వరంగల్ నుంచి ఒక పాఠకుడు: 700డీ, 700ఈ రెండిట్లో ఏది మేలు?

ఎవరితో మాట్లాడుతున్నారో బట్టి. 700డీ బలహీన సిగ్నల్‌కి మొనగాడు. 160 మిల్లీసెకన్ల మాటను ఒక మూటగా కట్టి పంపుతుంది కాబట్టి తప్పులు దిద్దుకోవడానికి దానికి వీలెక్కువ. కానీ ఒకే సిగ్నల్ వేర్వేరు దారుల్లో వచ్చి కలిస్తే, ఆ ఆలస్యం 2 మిల్లీసెకన్లు మించకూడదు. 700ఈలో మూట 80 మిల్లీసెకన్లే, ఆలస్యం 6 మిల్లీసెకన్ల దాకా ఓర్చుకుంటుంది. వేగంగా మారే ఫేడింగ్‌ని తట్టుకుంటుంది. దానికి బదులుగా 1,500 హెర్ట్జ్ వెడల్పు, దాదాపు 3 డెసిబెల్స్ ఎక్కువ సిగ్నల్ కావాలి.

నలభై మీటర్ల మీద వరంగల్ నుంచి విశాఖ, తిరుపతి లాంటి దగ్గరి దూరాలకు సిగ్నల్ దాదాపు నిలువుగా పైకెళ్లి దిగుతుంది. ఒకసారి దిగింది, నేలను తాకి మళ్లీ పైకెళ్లి దిగింది, రెండూ కలిసిపోతాయి. అక్కడ 700ఈ పెట్టండి. ఇరవై మీటర్ల మీద, ఫ్రీడీవీ వాళ్లు ఎక్కువగా చేరే 14.236 మెగాహెర్ట్జ్ దగ్గర దూరదేశాల బలహీన సిగ్నల్ అందుకోవాలంటే 700డీ.

కాకినాడ నుంచి బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం విద్యార్థిని: నాకు లైసెన్సు లేదు, రిగ్గు కూడా లేదు. సీ లాంగ్వేజ్ వచ్చు. ఈ సాఫ్ట్‌వేర్‌కి నేనేమైనా చేయగలనా? కోడెక్2 కంపైల్ చేసి ఫోన్లో రికార్డు చేసిన నా గొంతు పెడితే దయ్యం మూలిగినట్టు వచ్చింది. కోడ్‌లో బగ్ ఉందా మేడమ్?

బగ్ లేదమ్మా, నువ్వు పెట్టిన ఫైలు వేరే రకం. కోడెక్2 కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌కి కావలసింది సెకనుకు 8,000 శాంపిల్స్, 16 బిట్లు, ఒకే ఛానెల్, ముందు ఏ హెడర్ లేని ముడి ఫైలు. నీ ఫోన్ ఇచ్చింది 48,000 శాంపిల్స్ స్టీరియో అయ్యుంటుంది. 48,000వి 8,000 అనుకుని చదివితే ఆరు రెట్లు నెమ్మది. రెండు ఛానెళ్లను ఒకటిగా చదివితే ఇంకో రెండు రెట్లు. మొత్తం పన్నెండు. అయిదు సెకన్లు మాట్లాడితే నిమిషం పాటు మూలిగిందా? అయితే అదే.

ఈ రంగంలో చెవితోనే పట్టేయగల తప్పులు కొన్ని ఉంటాయి, అలవాటు చేసుకో. గొంతు సరిగ్గా సగం వేగంతో బండగా వస్తే స్టీరియో గొడవ. ఆరో వంతు వేగమైతే శాంప్లింగ్ రేటు. అంతా బాగుండి మొదట్లో మాత్రం "టిక్" మంటే వేవ్ హెడర్‌లోని 44 బైట్లు కూడా మాటలనుకుని చదివేసింది. మాటే లేకుండా ఉత్త హోరు వస్తే బైట్ల వరుస తిరగబడింది. సాక్స్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇవన్నీ ఒక్క లైన్‌లో మార్చిపెడుతుంది.

ఇక నువ్వేం చేయగలవు? చాలా. వినడానికి రిగ్గు అక్కర్లేదు. కివీఎస్‌డీఆర్ రిసీవర్లు ప్రపంచమంతా ఇంటర్నెట్‌కి తగిలించి ఉన్నాయి, బ్రౌజర్లోనే వినొచ్చు. వాటిలో ఫ్రీడీవీ డీకోడర్ కూడా ఉంది. అసలు గాలి కూడా అక్కర్లేదు. కోడెక్2తో పాటే ఛానెల్ సిమ్యులేటర్ (గాల్లో సిగ్నల్‌కి జరిగేదాన్ని అనుకరించే ప్రోగ్రామ్) వస్తుంది. ఫ్రీడీవీ పంపే ప్రోగ్రామ్ నుంచి వచ్చిన ఫైలును దాంట్లో వేసి కావలసినంత నాయిస్, ఫేడింగ్, ఫ్రీక్వెన్సీ జరుగుడు కలిపి, అందుకునే ప్రోగ్రామ్‌కి ఇవ్వు. ఎంత నాయిస్ దగ్గర సింక్ తెగుతోందో గ్రాఫ్ గీయి. మీ కాలేజీలో డిజిటల్ కమ్యూనికేషన్స్ ల్యాబ్‌లో రాసే రికార్డుకంటే ఇందులో ఎక్కువ నేర్చుకుంటావని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

ఆ తర్వాత అసలు పని. ఎవరో ఒక రికార్డింగ్ పంపి "పాత వెర్షన్‌లో డీకోడ్ అయ్యేది, కొత్తదాంట్లో అవ్వట్లేదు" అంటారు. మధ్యలో 64 మార్పులున్నాయనుకో. అన్నీ చదవక్కర్లేదు. గిట్‌లో (కోడ్ మార్పులన్నీ వరుసగా దాచే ప్రోగ్రామ్‌లో) బైసెక్ట్ అనే ఆజ్ఞ ఉంది. మధ్య మార్పు దగ్గర కంపైల్ చేసి అదే ఫైలు పెట్టు. డీకోడ్ అయితే తప్పు తర్వాతి సగంలో, కాకపోతే ముందు సగంలో. ఆరు పరీక్షల్లో ఒక్క మార్పు మిగులుతుంది. దీనికి డీఎస్‌పీ (సిగ్నళ్ల గణితం) పాండిత్యం కంటే ఓపిక ముఖ్యం. తప్పు ఎక్కడ మొదలైందో చూపించే రిపోర్టు, ఫైలుతో సహా, ఏ డెవలపర్‌కైనా పండగే. "వర్క్ అవ్వట్లేదు" అనే రిపోర్టులు ఎన్ని వస్తాయో నీకు తెలియదు.

లైసెన్సు పరీక్ష కూడా రాసేయి. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నిర్వహిస్తుంది, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌తో మొదలుపెట్టొచ్చు. ఈసీఈ పిల్లవు, సిలబస్ నీకు కొత్తేం కాదు.

కరీంనగర్ నుంచి ఒక హామ్: ఇక్కడ మిత్రులంతా డీఎంఆర్ (మరో రకం డిజిటల్ రేడియో) హ్యాండ్‌సెట్లు కొంటున్నారు. వినేవాడికి మాట మాటే కదా, ఓపెన్ సోర్స్ అయితే ఏంటి, కాకపోతే ఏంటి? ఇంకొకటి, డిజిటల్‌గా పంపితే రహస్య సంకేతాల కింద లెక్కేస్తారేమో అని టెన్షన్‌గా ఉంది.

రెండోది ముందు. వేర్వేరు దేశాల అమెచ్యూర్ స్టేషన్ల మధ్య అర్థాన్ని దాచే ఉద్దేశంతో సంకేతాలు వాడకూడదని అంతర్జాతీయ రేడియో నిబంధనల్లో ఉంది. కోడెక్2 ఏ బిట్టు ఎందుకో ప్రపంచమంతటికీ చెప్పి మరీ పంపుతుంది. కాపీ దించుకున్న ఎవరైనా వినగలరు. దాచడం అంటే ఇది కాదు. డీఎంఆర్ సెట్లలో ఎన్‌క్రిప్షన్ బటన్ ఉంటుంది చూడండి, దాని జోలికి మాత్రం పోకండి.

మొదటిది. డీఎంఆర్, దానిలాంటిదే అయిన డీ-స్టార్ రెండిట్లోనూ మాటను కుదించేది ఆంబీ కుటుంబానికి చెందిన కోడెక్. అది అమెరికాలోని డీవీఎస్‌ఐ కంపెనీ సొత్తు. చిప్పో లైసెన్సో కొనాలి, లోపలేముందో అడక్కూడదు. డీఎంఆర్ చెడ్డదని నేననను, రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ బలంగా పంపే స్టేషన్) దగ్గర్లో ఉంటే చక్కగా పనిచేస్తుంది. కానీ పైన విశాఖ మేడమ్‌గారు అడిగినట్టు "ళ ఎందుకు పోతోంది" అని మీరు అడిగితే డీఎంఆర్‌లో జవాబు వెతుక్కోవడానికి చోటు లేదు. హామ్ రేడియోలో మూత విప్పి చూడటం నా దృష్టిలో సరదా కాదు, సగం హక్కు.

వీహెచ్‌ఎఫ్‌లో (షార్ట్‌వేవ్ కంటే పై బ్యాండులో) అలాంటిది కావాలంటే ఎం17 చూడండి. పోలండ్‌లో ఎస్‌పీ5డబ్ల్యూడబ్ల్యూపీ అనే హామ్ మొదలుపెట్టిన ప్రాజెక్టు. మాటకు కోడెక్2లోనే 3,200 బిట్ల రకం వాడుతుంది, కాబట్టి 700తో పోలిస్తే గొంతు ఎంతో సాఫీగా ఉంటుంది. కట్టుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది రెండు చోట్ల. ఒకటి, రేడియో మైకు సాకెట్‌కి తగిలిస్తారు. అక్కడ ప్రీ-ఎంఫసిస్ (పైస్వరాలను పెంచే సర్క్యూట్), ఆడియో ఫిల్టర్లు ఉండి ఎం17 పంపే నాలుగు మెట్ల సిగ్నల్‌ని వంకర చేస్తాయి. వెనకవైపు 9600 డేటా పోర్టుకే తగిలించాలి. రెండు, డీవియేషన్, అంటే ఫ్రీక్వెన్సీ ఎంత పక్కకు జరుగుతోందన్నది. బయటి మెట్లు 2.4 కిలోహెర్ట్జ్, లోపలివి 0.8 దగ్గర ఉండాలి. ఇవి సరిగ్గా ఉన్నా అవతల చడీచప్పుడూ లేకపోతే పోలారిటీ తిప్పి చూడండి. కొన్ని రేడియోల్లో పైమెట్టు కిందికి, కిందిమెట్టు పైకి వెళ్తుంది.

నెల్లూరు నుంచి ఒక పాఠకుడు: ఫ్రీడీవీలో మాట్లాడుతుంటే నా వాట్సాప్ "టింగ్" కూడా గాల్లో వినిపించిందట!

కంప్యూటర్ డిఫాల్ట్ స్పీకర్‌గా మీ రిగ్గు సౌండ్‌కార్డు కూర్చుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్‌ని ల్యాప్‌టాప్ స్పీకర్‌కి మార్చి, రిగ్గు కార్డును ఫ్రీడీవీ లోపల మాత్రమే ఎంచుకోండి. విండోస్‌లో ఆ కార్డుకు "ఎన్‌హాన్స్‌మెంట్స్" ఏవైనా ఆన్‌లో ఉంటే తీసేయండి.

ఒంగోలు నుంచి మరో పాఠకుడు: ఒక్కోసారి మాట్లాడటం ఆపినా రిగ్గు ట్రాన్స్‌మిట్‌లోనే ఉండిపోతోంది. లినక్స్, యూఎస్‌బీ కేబుల్‌తో క్యాట్ పీటీటీ (కంప్యూటర్ ఆజ్ఞతో రిగ్గు ప్రసారం మొదలుపెట్టి ఆపడం). ప్రోగ్రామ్‌ని మూసేస్తే తప్ప వదలట్లేదు.

పీటీటీ పడి మళ్లీ వదలట్లేదంటే సీరియల్ పోర్టు అనుమతి ఉన్నట్టే. అది లేకపోతే మొదలే పడదు. అప్పుడైతే మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చమనేదాన్ని. మీది చాలావరకు ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల శక్తి) వెనక్కి రావడం. యాంటెన్నా నుంచి వచ్చిన ఆర్‌ఎఫ్ యూఎస్‌బీ కేబుల్‌లోకి దూరి, కంప్యూటర్‌కి రిగ్గుకి మధ్య లింకు తెగ్గొడుతుంది. "వదిలెయ్" అనే ఆజ్ఞ రిగ్గుకు చేరదు.

డమ్మీ లోడ్ మీద అదే పవర్‌తో పది నిమిషాలు పంపి చూడండి. అక్కడ ఒక్కసారి కూడా ఇరుక్కోకపోతే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి. కేబుల్ పొట్టిది వాడండి, రెండు చివర్లా ఫెర్రైట్ మీద కొన్ని చుట్లు చుట్టండి, ఎండ్-ఫెడ్ వైరైతే (ఒక చివర నుంచి సిగ్నల్ ఇచ్చే యాంటెన్నా అయితే) ఫీడ్ పాయింట్ దగ్గర చోక్ (కేబుల్ మీదుగా వచ్చే ఆర్‌ఎఫ్‌ను ఆపే చుట్ట) పెట్టండి. డమ్మీ లోడ్ మీద కూడా ఇరుక్కుంటే అప్పుడు హామ్‌లిబ్‌లో (రిగ్గుకు ఆజ్ఞలు పంపే సాఫ్ట్‌వేర్‌లో) ఎంచుకున్న రిగ్ మోడల్, బాడ్ రేటు (సీరియల్ పోర్టు వేగం) రెండూ రాసి పంపండి. టెర్మినల్‌లో వచ్చిన చివరి ఇరవై లైన్లు కూడా జతచేయండి. స్క్రీన్ ఫోటో తీసి పంపకండి, అక్షరాలు కనపడట్లేదు.